తరుగు

మింటు వీధిలో లింగాచారి
కళ్ళజోడు నుదుటి మీంచి దించి
గ్లాసు అటూ ఇటూ తిప్పి
"ఎవరమ్మా ఈ తాయారు?" అన్నాడు.

ఏం చెప్పను?
మా వంశంలో ఆ పేరుగల మనిషి లేదు.

గ్లాసులున్నాయి.
మాకు ఊహ తెలిసేనాటికే
వంటింటి గూట్లో వరసగా ఏడు.
అంచు కింద చుక్కచుక్కగా పొడిచిన పేర్లు.
అన్నయ్యది చెంగల్రాయుడు.
నాది తాయారు.
చిన్నాడి గ్లాసు మీద ముందు సగం చెరిగి
"సింగం" ఒకటే మిగిలింది,
వాడికి నేల మీద కాలు నిలిచేది కాదు.
"తాయారూ, పాలు చల్లారిపోతున్నాయే!"
అమ్మ కేకేస్తే
పలికేదాన్ని నేనే.

నాయనమ్మ అక్షరాలు దిద్దింది బళ్ళో కాదు
ఈ గ్లాసుల మీద.
విభూది అద్దిన గుడ్డతో తోముతూ తోముతూ
వేలి కొసకి త దీర్ఘం దొరికింది,
య దీర్ఘం దొరికింది,
ర కొమ్ము దగ్గర కొన్నాళ్ళు ఆగిపోయిందట.
చివరిదాకా పంచాంగమైనా సరే
వేలు పెట్టి తడిమే చదివేది,
కాగితం మీద చుక్కలుంటాయన్నట్టు.

ఇవి ఎవరివే అంటే
"మనవే" అనేది.
గుచ్చి గుచ్చి అడిగితే
"తోమిన చేతివి" అనేది.

పోయిన ఆషాఢంలో
గోవిందప్ప నాయకన్ వీధి కొట్టు ఖాళీ చేస్తుంటే
అటక మీద ఎర్రగుడ్డ అట్ట చిట్టా దొరికింది.
వెయ్యిన్ని తొమ్మిదివందల నలభై రెండు, ఏప్రిల్.
జపానువాడు బాంబులేస్తాడని
పట్నం పట్నమంతా
మూటలతో, మంచాలతో, పంజరంలో చిలకతో
రైలెక్కిన నెల.
ముత్తాత కోమలేశ్వర శెట్టి మాత్రం
ఊరు కదల్లేదు.
ఎంత గుండె ధైర్యమో అని
ప్రతి తద్దినానికీ చెప్పుకున్నాం.
ఆ ఒక్క నెలకే
చిట్టాలో నలభై పుటలున్నాయి.

తాయారు, ఏడుబావుల సందు.
వెండి గ్లాసు ఒకటి, పదకొండు తులాలు.
రూపాయలు మూడు.
విడిపించిన తేదీ గడి ఖాళీ.
పక్కన, చీమంత అక్షరాలతో:
"రెండు మార్లు వచ్చింది. వడ్డీ చాలలేదు."

రెండు మార్లు.
మూడో మాటు వీధి మలుపుదాకా వచ్చి
వెనక్కి పోయిందేమో, చిట్టాకేం తెలుసు.
తెల్లారి ఏ గ్లాసుతో నీళ్ళు తాగిందో
అదీ చిట్టాకి తెలియదు.

లింగాచారి తూకం వేశాడు.
"పదకొండు తులాలంటే నూట ఇరవై ఎనిమిది.
ఇది నూట ఇరవయ్యారే.
తోమి తోమి పోయిందమ్మా తక్కినది."

రెండు గ్రాముల నాయనమ్మ.

"పేరు అరగదీస్తే ఇంకో గ్రాము తరుగు.
కొత్త పేరేమిటన్నారు?"

చెల్లెలి మనవరాలి అన్నప్రాసనకి
పేరు మార్పిద్దామనే తెచ్చాను.
కాగితం మీద రాసుకొచ్చాను కూడా.
కాగితం మడతపెట్టి
అతని కాలిక్యులేటర్ అడిగి తీసుకున్నాను.
మూడు రూపాయలకి
ఎనభై చిల్లర ఏళ్ళ వడ్డీ కట్టాను.
అంకె వచ్చింది గానీ
ఎటునుంచి ఎటు చెల్లించాలో తేలలేదు.

"అంచు సొట్ట తియ్యండి, చాలు."
"సొట్ట తియ్యాలంటే లోపలినుంచి కొట్టాలి,
పేరు కాస్త కదులుతుంది."
"ఎంత?"
"కంటికి తెలీదు," అన్నాడు,
"వేలికి తెలుస్తుంది."

పారిస్ కార్నర్లో బస్సు కోసం నిలబడ్డాను.
చేతిసంచిలో గ్లాసు
తాళంచెవులకి తగిలి మోగుతోంది.
పూలబుట్టల అవతల నుంచి
ఎవరో ఎవరినో పిలిచారు,
హారన్ల గోలలో పేరు సరిగా వినపడలేదు.

నేను తల తిప్పాను.